కాటా

పొద్దున్నే, మొగం కూడా కడుక్కోకముందు
మా ఆయన్ను కాటా మీద నిలబెడతా.
ఇనుప పలక కాళ్లకు చల్లగుంటాదని పాత గోనె పరిచినా.
దాని తూకం తీసేసే రాస్తా.

ముప్పై ఏండ్లు ఇదే కాటా మీద
ఉరవకొండ మండీలో చెనక్కాయ మూటలు తూచినాం.
ముల్లు కదిలితే దుడ్డు, అనేవాడు పెన్నోబులేసు.
ఇప్పుడు ముల్లు ఒక్క గీత కదిలితే
నా పానం జారతాది.

మూడు దినాల్లో రెండు కేజీలు పెరిగితే
అది కండ కాదు, నీళ్లు, అనింది డాక్టరమ్మ.
పుస్తకంలో రాయమనింది.
మా అప్పుల పుస్తకమే తిరగేసి మొదలుపెట్టినా.
ముందునుంచి రైతుల బాకీలు,
వెనకనుంచి ఆయన తూకాలు.
యాడో నడుమ ఆ రెండూ ఎదురుపడతాయి.

ఆ దినం సంగతి చెప్పాల.
శ్రావణం, వాన లేదు.
రొమ్ము మీద ఎవరో కూచున్నట్టుండాది మేయ్, అన్నాడు.
ఎడమ చెయ్యి పిసుక్కున్నాడు.
ఎండకు పట్టే చెమట నాకు తెలీదా? అది వేరే చెమట.
అయినా గ్యాసే అన్నాడు. గ్యాసే అన్నా నేనూ.
సోడా తాగించినా, వాము నమిలించినా.
లారీ లోడయ్యేదాకా ఆగుదాం అన్నాడు.
లోడయ్యింది.
అనంతపురం చేరేసరికి ఆరు గంటలు గడిచినాయి.
ఆ ఆరు గంటలూ నెత్తురందక
లోపల గుండెలో ఒక మూల చచ్చిపోతా ఉంటే
మాకు లారీ నంబరు తప్ప ఏమీ కనబడలా.

తీగ పంపి నరం తెరిచినారు.
చచ్చిన కండ మాత్రం మళ్లా పుట్టదంట.
డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది, నాకెక్కలా.
దబ్బనం గుర్తొచ్చినాక ఎక్కింది.
చినిగిన గోనెకు అతుకేస్తాం కదా,
అతుకు గట్టిదే, ఊడదు. అయితే సాగదు.
నింపినప్పుడల్లా బరువంతా
చుట్టూ ఉండే మంచి గోనె మోస్తాది.
ఒక పంటకు మోస్తాది, ఇంకో పంటకు మోస్తాది,
మెల్లిగా అదీ వదులై, పోగులు తేలి
మూట పొట్టేసుకుంటాది.
గుండె పెద్దదయ్యిందంటే బలమొచ్చిందని
మా మరిది సంతోషపడినాడు.
అది బలం కాదప్పా.

పంపింగు ముప్పై అన్నారు.
పాసుకు అయిదు మార్కులు తక్కువ, అని నవ్వబోయి
ఆయాసమొచ్చి ఆపుకున్నాడు.

మిద్దె మెట్లు మానుకున్నాడు.
వెల్లకిల పండుకుంటే ఊపిరి మునుగుతాది.
మూడు దిండ్లేసినా సగం రేత్తిరి గోడకానుకునే ఉంటాడు.
కాలు మీద వేలు నొక్కితే గుంట పడతాది,
ఆ గుంట పూడను నేను ఒకట్నుంచి ఇరవై లెక్కబెడతా.
చెరువులన్నీ నెర్రెలిచ్చిన తావులో
నీళ్లు నిలిచింది ఈ మనిషి పాదాల్లో.

మొగులు చూసి చూసి మెడ నొప్పి పుట్టినోడికి
దినానికి లీటరున్నర కొలిచి పోస్తాండా.
చెంబు మీద సుద్దగీత. ఉప్పు జాడి అటకెక్కింది.
చప్పటి ఊరిబిండి నమిలి నమిలి
చెనక్కాయకు ఇంత అవమానమా మేయ్, అంటాడు.

నిన్న రేత్తిరి వానొచ్చింది.
దిండ్ల మీద కూచొని చెవులు రిక్కించినాడు.
రెండు పదునులు పడుంటాదా? పడుంటాది, అన్నా.
దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గినాడు.

తెల్లారి కాటా ఎక్కించినా.
ముల్లు పోయిపోయి యాడో నిలబడింది.
ఆయన ముల్లు చూడలా, కిటికీలోంచి మొగులు చూస్తాండాడు.
ఎంత మేయ్?
మండీలో రైతుకు చెప్పినట్టే
కొంచెం తగ్గించి చెప్పినా.
పుస్తకంలో మాత్రం ఉన్నదున్నట్టు రాసి,
లోడుకొచ్చిన లారీ వాకిట్లో హారను కొడతాంటే
దాని పక్కనుంచే ఆటో పిలవను పరిగెత్తినా.
వీధంతా నీళ్లు.